క్రీడాపట్టికలు - పత్రికల పక్షపాతము: ఒక పరామర్శ

సంఖ్యకు మన సమాజమున గల గౌరవము మాటకు లేదు. "మంచి విద్యార్థి" అన్నచో వినువారు సందేహింతురు; "మూడవ ర్యాంకు" అన్నచో మారుపలుకరు. ప్రతి వేసవిలోను పత్రికల పుటల నిండ ర్యాంకుల ప్రకటనలు చూచి పెరిగిన పిల్లలకు, సంఖ్య యనునది ఎవరో ఒకరు వేసినదే కాని తనంత తాను పుట్టినది కాదన్న స్ఫురణ కలుగుట కష్టము. తెలుగు బోధించు నాకు ఇది భాషావిషయముగనే తోచును. అభిప్రాయమును నిజమువలె పలికించు వాక్యములలో అంకె గల వాక్యమే మిక్కిలి నేర్పరి.

ఇందులకు అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ జట్లకు పత్రికలవారు ఇచ్చు వరుస చక్కని ఉదాహరణము. మన బిడ్డలు అనేకులు ఆ దేశపు విశ్వవిద్యాలయములలో చదువుచున్నందున ఆ జట్ల పేర్లు నేడు గోదావరి గట్టున సైతము వినవచ్చుచున్నవి.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. ప్రవేశపరీక్షకు కూర్చున్నవారందరికిని పాఠ్యప్రణాళిక ఒక్కటే, కొలత ఒక్కటే. అమెరికాలో ప్రథమశ్రేణి కళాశాల జట్లు 360కి పైగా ఉన్నవి. ఒక్కొక్క జట్టు ఏడాదిలో ఆడునది సుమారు 30 ఆటలు మాత్రమే. అనగా ఏ జట్టైనను తక్కినవానిలో పదింట తొమ్మిదింటిని ఎదుర్కొననే ఎదుర్కొనదు. ఎదురుపడని వారిలో ఎవరు మేటి యని తేల్చుటకు మిగిలినది చాలవరకు అభిప్రాయమే.

ఆ అభిప్రాయమునకు అంకె తొడిగిన ప్రసిద్ధ సంస్థ అసోసియేటెడ్ ప్రెస్. దాని క్రీడాసంపాదకుడు అలన్ గూల్డ్ 1935లో ఫుట్‌బాల్ జట్లకు తానే వరుస నిర్ణయించి, మూడింటిని సమముగా ప్రథమస్థానమున నిలిపెను. అభిమానులు ఆగ్రహించిరి. మరుసటి యేడు, 1936లో, ఆయన పలువురు సంపాదకుల ఓట్లు కూడి పట్టిక వేయు పద్ధతి పెట్టెను. 1949లో అది బాస్కెట్‌బాల్‌కును వచ్చెను. నేటి పద్ధతిలో ఒక్కొక్క విలేకరి 25 జట్లను వరుసగా వ్రాయును. మొదటిదానికి 25 పాయింట్లు, రెండవదానికి 24, ఇట్లు కడపటిదానికి ఒకటి. ఈ మొత్తములే వరుస. పాఠకులలో ఆసక్తిని, వాదమును రేకెత్తించుటయే తన యుద్దేశమని గూల్డ్ పిమ్మట దాచక చెప్పెను. వాదమునకై పుట్టినది తీర్పుగా చెల్లుబాటగుటయే ఇందలి విచిత్రము.

ఇందు పక్షపాతము ప్రవేశించు ద్వారములు మూడు. మొదటిది పూర్వకీర్తి. ఆ యేటి ఆటలు మొదలుకాక మునుపే ఒక పట్టిక వెలువడును. ఆటయే లేనప్పుడు దానికి ఆధారము నిరుటి జ్ఞాపకమును, పేరును గాక మరేమి? ఆ పట్టికలో పైనున్న జట్టు ఓడినచో ఒకటి రెండు మెట్లు దిగును. పట్టికలో లేని జట్టు ఎన్ని గెలిచినను మొదట అందులోనికి ఎక్కవలెను.

రెండవది స్థానము. పెద్ద సమాఖ్యల ఆటలకు టెలివిజనులో ప్రాముఖ్యము హెచ్చు. విలేకరి తరచుగా చూచునవి అవియే. స్పోకేన్ పట్టణపు గొంజాగా విశ్వవిద్యాలయము చిన్న సమాఖ్యకు చెందినదై, 1999 మొదలు ఏటేట జాతీయ పోటీలో చోటు సంపాదించెను. అయినను పత్రికల పట్టికలో తొలిసారి ప్రథమస్థానము దొరకినది 2013లో. అన్నాళ్లును అది అందుకు అర్హమేయని నేననను. కాని చిన్న సమాఖ్యలో గెలిచిన గెలుపు తక్కువ వెలకు పోవునని పరిశీలకులు పలుమారు వాదించిరి.

మూడవది మౌనము. ఇదియే మూటిలో ఘోరమైనది. 1944 మార్చి 12, ఆదివారమునాడు, డర్హమ్ నగరమున జాన్ మెక్‌లెండన్ శిక్షణలోని నల్లజాతివారి కళాశాల జట్టు, డ్యూక్ వైద్యకళాశాలకు చెందిన తెల్లవారి జట్టుతో తలుపులు మూసికొని ఆడెను. జాతివివక్ష అమలులోనున్న ఆ సీమలో అట్టి ఆట నిషిద్ధము. మెక్‌లెండన్ జట్టు 88-44తో గెలిచెను. మరునాటి పత్రికలలో ఒక్క వాక్యమైనను రాలేదు. 1996లో స్కాట్ ఎల్స్‌వర్త్ అను చరిత్రకారుని వ్యాసమువలన గాని లోకమునకు తెలియలేదు. మెచ్చుకొనుటలో చూపు పక్షపాతమును వాదించి దిద్దవచ్చును. వ్రాయనేవ్రాయని గెలుపును ఏ పట్టికలో వెదకుదుము?

పత్రికలవారిదంతయు దురుద్దేశమనుట న్యాయము కాదు. మనుష్యుల ఓటుకు మారుగా గణితమును నమ్ముకొన్న పద్ధతులును ఉన్నవి. 2018లో జాతీయ క్రీడాసంస్థ నెట్ అను క్రొత్త లెక్కను అమలుపరచెను. అయితే ఏ గెలుపునకు ఎంత బరువు ఈయవలెనో ఆ లెక్క కూర్చిన మనుష్యుడే నిర్ణయింపవలెను. 2018 మార్చిలో పట్టికలో ప్రథమస్థానమున నున్న వర్జీనియా, పేరెరుగని మేరీలాండ్ బాల్టిమోర్ కౌంటీ విశ్వవిద్యాలయపు జట్టుచే 74-54తో ఓడిపోయెను. ఒక్క ఓటమితో వర్జీనియా కొరగానిదై పోదు. మరుసటి యేడు అదియే విజేత. పట్టిక చెప్పునది సంభావ్యతయే కాని సత్యము కాదని మాత్రమే ఆనాటి ఆట చూపెను.

ఇది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. మన తెలుగునేలపై హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచెను. దాని శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీము వృత్తిచే ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొంది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణము తెచ్చెను. అయినను 1911లో మోహన్ బగాన్ సాధించిన గెలుపు నెరుగని క్రీడాభిమాని అరుదు. ఈ ఐదు వరుస గెలుపుల నెరిగినవాడు హైదరాబాదు వెలుపల అరుదు. 1911 గెలుపు గొప్పదే. దానిని తరతరములు తలపోసి వ్రాయుటకు కలకత్తాకు పత్రికలుండెను, రచయితలుండిరి, అశేషాభిమానులుండిరి. మనవారు ఆడిరి; మనము వ్రాయలేదు. 1963లో కన్నుమూసిన రహీము కథ దేశమంతట వినబడుటకు 2024లో మైదాన్ అను హిందీ చలనచిత్రము రావలసివచ్చెను. అదియు మన భాషలో పుట్టినది కాదు.

చుట్టును ఆంధ్రప్రదేశమే యుండి, పాలన మాత్రము దూరపు పుదుచ్చేరిదైన 30 చదరపు కిలోమీటర్ల యానాములో, కనకాలపేటలో నివసించు మావంటివారికి ఈ సంగతి ఇతరులకంటె సులభముగా అర్థమగును. లెక్కలు వ్రాయు కేంద్రమునకు దూరమైనవాడు లెక్కలో చిన్నవాడగుట సహజము. సహజమైనంత మాత్రమున అది సరియైనది కాదు.

కావున పట్టికను చూచినప్పుడెల్ల మన పిల్లలు మూడు ప్రశ్నలు వేయవలెను. దీనిని ఎవరు వేసిరి? వారు కన్నులార చూచినదెంత? చూడనివారి పేరు ఇందు చేరుటకు దారి కలదా? ఇక పెద్దలమైన మనము చేయవలసిన పని వేరొకటి కలదు. మన ఊళ్ల ఆటలను, ఆటగాండ్లను, తేదీలతో, పాయింట్లతో, పేర్లతో తెలుగున వ్రాసియుంచవలెను. ఇట్టి సంచికలు అందులకు తగిన చోటు. ఇతరుల పట్టికలో చోటు లేదని వగచుటకంటె మన చిట్టా మనము సరిగా వ్రాసికొనుట మేలు.