మొదటి దెబ్బ వదిలేసిన తాళం

జమైకా రెగే పాటకి తొడ మీద తాళం వేసి చూడండి. ‘ఒకటి’ అని చెయ్యి పడేచోట చాలాసార్లు డ్రమ్ము మోగదు. రెండో లెక్కకి గిటారు ‘చక్’మని పలికి అంతలోనే మూగబోతుంది. పెద్ద డ్రమ్ము మూడో లెక్కకి గానీ పడదు. నాలుగుకి మళ్లీ గిటారు. ఈ నడకని ‘వన్ డ్రాప్’ అంటారు. సమం దాటాక ఎత్తుకునే కీర్తనలు విన్న చెవికి ఈ ఖాళీ రుచి కొంత తెలుసు. వన్ డ్రాప్‌లో అది ప్రతి ఆవర్తంలోనూ వస్తుంది. పాటని మోసే పని బేస్ గిటారుది. మిగతా వాద్యాలు పొదుపుగా పలుకుతాయి. అంత చోటు దొరికితే గొంతు ఏం చేయగలదో టూట్స్ హిబ్బర్ట్ పాటల్లో వినాలి.

టూట్స్ 1942లో జమైకాలోని మే పెన్‌లో పుట్టాడు. చర్చిలో పాడుతూ పెరిగాడు. చిన్నతనంలోనే అమ్మానాన్నలు పోయారు. కింగ్‌స్టన్ చేరి మంగలి షాపులో పనిచేశాడు. అక్కడే ఇద్దరు స్నేహితులతో కలిసి ‘మేటల్స్’ బృందం కట్టాడు. 1966లో జమైకా తొలి పండుగ పాటల పోటీలో ‘బామ్ బామ్’ పాడి గెలిచారు. ఆ తర్వాత గంజాయి కేసులో టూట్స్ జైలుకి వెళ్లాడు. బయటికొచ్చాక 1968లో రెండు గొప్ప పాటలిచ్చాడు. వాటిలో ‘డు ద రెగే’ ఈ సంగీతానికి ఆ పేరు ఇచ్చిన పాట. రెండోది జైలు బాధలోంచి పుట్టిన ‘54-46’.

ఈ రెండోదాన్ని శ్రద్ధగా వినండి. మధ్యలో ఆయన ఒక్కసారి కొట్టమంటాడు. వాద్యాలన్నీ కలిసి ఒకే దెబ్బ కొట్టి ఆగుతాయి. రెండంటే రెండు, మూడంటే మూడు, నాలుగంటే నాలుగు. చర్చిలో బోధకుడు పిలిస్తే జనం బదులు పలికే పద్ధతి ఇది. మన బుర్రకథలో వంతలు అందుకున్నట్టే ఉంటుంది. జైల్లో ఒక నంబరుగా బతికిన మనిషి ఇక్కడ తానే లెక్క చెబుతున్నాడు, బృందమంతా ఆ మాట వింటోంది. ఆ కొద్ది క్షణాల్లో ఆయన పోగొట్టుకున్న గౌరవం తిరిగొస్తుంది.

2018లో యునెస్కో జమైకా రెగేని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు వెనక ఇలాంటి జీవితాలున్నాయి.

2013లో అమెరికాలో పాడుతుండగా ఒక కుర్రాడు విసిరిన సీసా టూట్స్ తలకి తగిలింది. కొన్నేళ్లపాటు వేదిక ఎక్కలేకపోయాడు. అయినా ఆ కుర్రాడి మీద దయ చూపమని న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. జైలంటే ఏమిటో ఆయనకి తెలుసు. 2016లో మళ్లీ పాడాడు. 2020 ఆగస్టులో చివరి ఆల్బమ్ విడుదలైంది. సెప్టెంబరు 11న కన్నుమూశాడు.

ఈసారి ‘54-46’ పెట్టుకున్నప్పుడు, నాలుగు దెబ్బలూ మీ చేత్తోనే కొట్టండి.