చామనఛాయ

ఫోన్ కెమెరాకి చీకటి గిట్టదు. సాయంత్రం ఆరున్నరకి, ఇంకా లైటు వెయ్యని వంటింట్లో, కిటికీ పక్కన కూర్చుని గోంగూర ఆకు తుంచుతున్న మనిషిని ఫొటో తీసి చూడండి. కంటికి ఆనింది మసక వెలుతురు. ఫోన్‌లో వచ్చింది పట్టపగలు. గూట్లో గిన్నెలు తళతళలాడుతుంటాయి, మూలన ఉన్న సిలిండర్ మీది అంకెలు కూడా చదువుకోవచ్చు, ఆ మనిషి ముఖం మాత్రం తనది కాని రంగులోకి తిరిగిపోతుంది. మనం నొక్కింది ఒక్కసారే. ఫోన్ మాత్రం గబగబా చాలా ఫొటోలు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, నీడల్ని పైకి లాగి, చర్మాన్ని నున్నగా చేసి మన చేతిలో పెడుతుంది. ఇదంతా మనం అడక్కుండానే.

రాత్రి భోజనాలయ్యాక ఆ రోజు తీసిన ఫొటోలు ముందేసుకుని కూర్చోవడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. పెద్ద విశేషాలేవీ ఉండవు వాటిలో. బస్టాపులో నిలబడ్డవాళ్ళు, కూరగాయల బండి, మేడ మీద ఆరేసిన బట్టలు, ఇంటికొచ్చిన చుట్టాలు. ఆ కూర్చోవడంలో ఎక్కువ భాగం ఫోన్ చేసిన దిద్దుబాట్లని వెనక్కి తియ్యడానికే సరిపోతుంది. సాయంత్రాన్ని మళ్ళీ సాయంత్రం చెయ్యాలి. మనిషి రంగు మనిషికి ఇచ్చెయ్యాలి. ఈ రెండో పని మీద నాకు పట్టుదల ఎక్కువ. ఇవాళ దాని గురించే.

వెలుతురు కొలిచే విషయంలో కెమెరాకి లోకమంతా ఒక నడిమి బూడిద రంగు. పాతకాలం ఫొటోగ్రాఫర్లు సంచీలో ఒక బూడిద రంగు అట్ట పెట్టుకుని తిరిగేవారు, మీద పడ్డ వెలుతురులో 18 శాతాన్ని తిప్పి పంపే అట్ట. ఎదురుగా ఏమున్నా కెమెరా దాన్ని ఆ అట్టే అనుకుని కొలుస్తుంది. ఫ్రేము నిండా నల్ల గేదెని పెట్టి తీస్తే, వెలుతురు చాల్లేదనుకుని పెంచి గేదెని బూడిద చేస్తుంది. పత్తి కుప్పని పెట్టి తీస్తే, ఎక్కువైందనుకుని తగ్గించి పత్తినీ బూడిద చేస్తుంది. ఇప్పటి ఫోన్లు ముఖాల్ని గుర్తుపట్టి ఇంతకంటే తెలివిగా లెక్క వేస్తాయి, నిజమే. అయినా నల్లటి ముఖం కనిపిస్తే వెలుతురు తక్కువైన ముఖం అనుకునే మొగ్గు చాలా ఫోన్లలో పూర్తిగా పోలేదు. ముఖం మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగితే సగం బాధ అక్కడే తీరుతుంది. ఫొటోలంటే ఇష్టం ఉన్నవాళ్ళకి నేను మొట్టమొదట చెప్పేది ఈ ఒక్క పనే.

తెల్లటి చర్మానికి రూపం ఇచ్చేవి నీడలు. నల్లటి చర్మానికి రూపం ఇచ్చేవి మెరుపులు. చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద, భుజం అంచున వెలుతురు ఎక్కడ జారిందో చూసుకుంటే చాలు, ఆ మనిషి పోలిక అక్కడ ఉంటుంది. ఫొటోలో మొత్తం వెలుతురు పెంచేస్తే ఈ మెరుపులకీ పక్కనున్న చర్మానికీ మధ్య తేడా చెరిగిపోతుంది. ముఖం తెల్లబడుతుంది, పోలిక పోతుంది.

మా వీధి చివర వేపచెట్టు కింద ఇస్త్రీ బండి ఉంది. అక్కడ పనిచేసే ఆమెని అడిగి, పొద్దు వాలాక తరచూ ఫొటోలు తీస్తుంటాను. బొగ్గుల పెట్టెతో పట్టుచీర అంచు మీద వంగినప్పుడు ఆమె చెయ్యి చూడాలి. పెట్టె సందుల్లోంచి నిప్పుల ఎరుపు మణికట్టు లోపలి వైపున పడుతుంది. ముంజేతి పైన, గాజులకి కాస్త వెనక, ఆకాశం నీలం సన్నటి గీతలా జారుతుంది. ఆ రెంటికీ మధ్య ఆమె సొంత రంగు, పొయ్యి మీద వాడిన రాగి చెంబు మీద కనిపించే రంగు. ఒక్క చేతి మీద ఇన్ని రంగులు. ఫోన్‌లో అందం పెంచే మోడ్ పెట్టి తీస్తే ఇవన్నీ పోయి లేత గులాబీ పూత ఒకటి మిగులుతుంది. ఆమె చేతి మీద పాత కాలిన మచ్చ ఉంది, అది కూడా మాయమవుతుంది. ఎన్నో ఏళ్ళ పని మీద వచ్చిన ఆ మచ్చని తుడిచే హక్కు నాకెవరిచ్చారు?

ఒకసారి ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఆమె ముఖం చిన్నబోయింది. "ఇంత నల్లగున్ననా సార్ నేను? జెర తెల్లగ చెయ్యరాదుండ్రి" అంది. ఆ మాటకి నేను చాలాసేపు ఆలోచించాను. ముఖం ఆమెది, కోరిక ఆమెది, రంగుల సిద్ధాంతం మాత్రం నాది. ఆమె మాట తోసెయ్యడం మర్యాద కాదు. ఆ ఫొటోని మళ్ళీ చూస్తే ఆమె అసంతృప్తికి కారణం కనిపించింది. ఆమె చెట్టు మొదలు వైపు తిరిగి ఉంది, కళ్ళలో వెలుతురు చుక్క లేదు, కనుగుంటలు రెండూ నీడలో మునిగిపోయాయి. మర్నాడు ఆమెని చెట్టు నీడ అంచుకి వచ్చి రోడ్డు వైపు తిరగమన్నాను. ఎదురింటి తెల్లగోడ మీద పడ్డ ఎండ మెత్తబడి ఆమె ముఖం మీదికి వచ్చింది. రంగు అదే. కళ్ళు వెలిగాయి, ముక్కుపుడక వెలిగింది. "గిది మంచిగుంది" అని ప్రింటు తీసుకుని బండి అరలో పెట్టుకుంది. ఆమె కూతురు మాత్రం అదే ఫొటోని ఏదో యాప్‌లో తెల్లగా చేసి వాట్సాప్‌లో పెట్టుకుంది. నేనేమీ అనలేదు. ఆ పిల్ల చేతిలో ఫోన్ ఆ పిల్లది. నా చేతి మీదుగా మాత్రం ఆ పని జరగదు.

మన దగ్గర ఎండ సంగతి కూడా తెలిసి ఉండాలి. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువుగా నాటిన కర్రకి నీడ పడదు. ఆ వేళ బయట నిలబెట్టి తీస్తే ఎవరికైనా నుదురు మండిపోతుంది, కళ్ళు గోతుల్లోకి పోతాయి. తరవాత ఎంత ఎడిటింగ్ చేసినా ఆ కళ్ళు తిరిగి రావు. చూరు కిందికి, అరుగు మీదికి పిలిచి తీస్తే వాకిట్లో పడిన ఎండే కింది నుంచి పైకి లేచి ముఖాన్ని వెలిగిస్తుంది. పెంకుటింటి అరుగుని మించిన ఫొటో స్టూడియోని నేను చూడలేదు.

కెమెరాకి మన రంగుతో పేచీ ఫోన్లతో మొదలైంది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ కాలంలో, అంటే 1905కి ముందు మాట, వాడుకలో ఉన్న గాజు పలకలకి నీలం బాగా ఆనేది, ఎరుపు దాదాపు ఆనేది కాదు. అందుకే అంత పాత ఫొటోల్లో ఆకాశం తెల్లగా వెలిసిపోయి ఉంటుంది, ఎర్రటి కుంకుమ బొట్టు నల్లగా పడుతుంది, గోధుమరంగు చర్మం ఉన్నదానికంటే నల్లబడుతుంది. కలర్ ఫిల్మ్ వచ్చాక తూకం ఇంకోవైపు మొగ్గింది. కొడాక్ కంపెనీ ల్యాబులకి నమూనా కార్డులు పంపేది, వాటి మీద ఒక తెల్ల అమ్మాయి బొమ్మ. షర్లీ కార్డులని పేరు. ఆ అమ్మాయి చర్మం సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టు లెక్క. మిగతా ప్రపంచం రంగులు ఎలా వస్తే అలా వచ్చేవి. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో దీని మీద వివరంగా రాసింది. ముదురు గోధుమ రంగుల్ని సరిగ్గా పట్టే ఫిల్మ్ కోసం కొడాక్ కదలడానికి చాక్లెట్ల వాళ్ళూ కలప ఫర్నిచర్ల వాళ్ళూ చేసిన ఫిర్యాదులు కారణమని ఆమెకి ఆ కంపెనీలో పనిచేసినవాళ్ళు చెప్పారు. తమ చాక్లెట్ల రకాలు ప్రకటనల్లో తేడా తెలియడం లేదని ఫిర్యాదు. మనుషుల ముఖాలు ఏళ్ళ తరబడి మసకబారుతున్నా కదలని పని చాక్లెట్ కోసం కదిలింది. చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. 2021లో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోన్‌లో రియల్ టోన్ అనే ఏర్పాటు తెచ్చి, నల్లటి చర్మాన్ని సరిగ్గా చూపించడం తమ పని అని ఒప్పుకుంది. ఆలస్యమే అయినా మంచి మాట.

మన స్టూడియోల్లో టచప్ అనే పని ఉండేది. ముఖంలో నల్లగా కనిపించే చోటు నెగటివ్ మీద తేటగా ఉంటుంది. అక్కడ సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు పెడితే ఆ మేరకు వెలుతురు ఆగి, ప్రింటులో ఆ చోటు తెల్లబడుతుంది. కళ్ళ కింద చారలు, మొటిమలు అలా పోయేవి. గోరంత నెగటివ్ మీద చెయ్యి వణక్కుండా పనిచేసిన ఆ మనుషులంటే నాకు గౌరవం. చేత్తో చెయ్యాలి గనక ఎంతవరకో అంతవరకే చేసేవారు. ఇప్పుడు ఒక మీట జరిపితే పెళ్ళి ఆల్బమ్ అంతా తెల్లబడుతుంది.

ఆ మీట ఏమిటో చెప్తాను. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ యాప్‌లో ఒక్కో రంగుకీ విడిగా వెలుతురు పెంచొచ్చు. మన చర్మం ఎంత ముదురుదైనా, ఎంత లేతదైనా, రంగుల చక్రంలో నారింజ దగ్గరే ఉంటుంది. నారింజకి వెలుతురు పెంచితే చర్మం తెల్లబడుతుంది. కానీ ముఖానికి విడిగా మాస్క్, అంటే దిద్దుబాటు అక్కడివరకే ఆగేలా హద్దు, వెయ్యకుండా చేస్తే, నారింజ ఉన్నవన్నీ తెల్లబడతాయి. పెళ్ళికూతురి వెనక ఉన్న టేకు తలుపు చూడండి, పాలిపోయి ఉంటుంది. రాగి బిందె, ఇటుక గోడ, అరచేతి గోరింటాకు, అన్నీ వెలిసిపోతాయి. మాస్క్ వేసి ముఖం ఒక్కటే తెల్లబరిస్తే ఇంకో చిక్కు. తలంబ్రాలు పోసే ఫొటోలో ముఖం ఒక రంగు, పైకెత్తిన చేతులు ఇంకో రంగు. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్లని నేను తప్పుపట్టను, చాలాచోట్ల అమ్మాయి తరఫువాళ్ళే అడిగి చేయిస్తారు. కానీ ఆ పిల్లకి పాతికేళ్ళ తరవాత తన పెళ్ళినాటి ముఖం చూడాలనిపిస్తే ఎక్కడ దొరుకుతుంది? పెళ్ళి మాటలప్పుడే ఫొటోగ్రాఫర్‌తో "రంగు మార్చొద్దు" అని ఒక్క మాట చెప్పండి. వాళ్ళకీ పని తగ్గుతుంది.

రంగుల గాఢత పెంచే మీట దగ్గర కూడా జాగ్రత్త. దాన్ని జరిపినప్పుడు ముందు పాడయ్యేది ఎరుపు. పల్నాడు రోడ్ల పక్కన కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల్ని తీసి గాఢత పెంచితే కాయకీ కాయకీ మధ్య గీత పోయి మొత్తం ఒకే ఎర్రటి ముద్ద అవుతుంది. అక్కడే కాయలు ఏరుతున్న ఆడవాళ్ళ ముఖాలు కుంకుడుకాయ రంగు నుంచి ఇటుక రంగులోకి పోతాయి. నేనైతే మొత్తం వెలుతురు ముందు తగ్గిస్తాను. తరవాత ఫొటోలో రంగు తెలిసిన వస్తువు ఏదైనా, తెల్ల పంచెనో సిమెంటు గోడనో పట్టుకుని పసుపూ నీలం సరిచూస్తాను. దీపం దగ్గర తీసినవాటిలో అదీ పూర్తిగా సరిచెయ్యను, దీపం పసుపు అక్కడ ఉండాల్సిందే. చివరికి ముఖం ఒక్కదానికే స్నాప్‌సీడ్ యాప్‌లో సెలెక్టివ్ అనే పనిముట్టుతో చుక్క పెట్టి, వేళ్ళతో దాని పరిధి తగ్గించి, కాస్త వెలుతురు ఇస్తాను. కాస్తే. అసలు ఫొటో, దిద్దిన ఫొటో పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఆ మనిషిని ఎరిగినవాళ్ళు ఏది ఎన్నుకుంటారో, అదీ నా కొలత.

తెలంగాణ పల్లెల్నీ, పల్లె ఆడవాళ్ళనీ, బతుకమ్మనీ ఏళ్ళ తరబడి తీసిన భరత్ భూషణ్ 2022లో కన్నుమూశారు. ఆయన ఫొటోల్లో మనుషులు తమ రంగులో తాము నిలబడి ఉంటారు. ముదురు రంగు చర్మం పక్కన వెండి కడియం ఎలా వెలుగుతుందో, తంగేడు పసుపు ఎలా నిలుస్తుందో నేర్చుకోవాలనుకునేవాళ్ళు ముందు అలాంటి ఫొటోలు చూడాలి. ఎడిటింగ్ పాఠాలు తరవాత.

ఇంకొక్క సంగతి, ఇది ప్రింట్లు వేయించేవాళ్ళకి. ఫోన్ తెర తనంతట తను వెలుగుతుంది, కాగితం వెలగదు. తెర మీద సరిగ్గా ఉన్న ముఖం కాగితం మీద కొంచెం ముదురుగా వస్తుంది. కాబట్టి ప్రింటుకి ఇచ్చే కాపీలో మొత్తం వెలుతురు పిసరంత పెంచి ఇవ్వండి. ల్యాబులో యంత్రం తనంతట తాను రంగులు సర్దేస్తుంది, మీరు రాత్రంతా కూర్చుని వెనక్కి తెచ్చిన సాయంత్రాన్ని అది మళ్ళీ మధ్యాహ్నం చేసేస్తుంది. కౌంటర్ దగ్గర కుర్రాడికి ముందే చెప్పాలి, ఆటో కరెక్షన్ తీసేసి వెయ్యమని. "నల్లగా వస్తుంది సార్, పర్లేదా?" అని అడుగుతాడు. పర్లేదనండి. మొదట నాలుగు బై ఆరు సైజులో ఒక్కటే వేయించుకుని, షాపులోంచి బయటికి వచ్చి, ఎండలో కాకుండా నీడలో పట్టుకుని చూడండి. బాగుంటే మిగతావి వేయించండి.