చాంట్రీ శిల్పం, మన్రో గుర్రం

దొరల విగ్రహాల గురించి అభ్యుదయ విమర్శకుడు చెప్పవలసింది "కూలద్రోయండి" అన్న ఒక్కమాటే అనే మిత్రులున్నారు. నేనందుకు ఒప్పుకోను. కూలద్రోసినా నిలిపినా ముందు దాన్ని చదవాలి.

మా జఫర్‌గఢ్ విద్యార్థి ఒకడు చెన్నపట్నంలో సర్ థామస్ మన్రో కంచు విగ్రహం చూచి వచ్చాడు. "గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు సార్. శిల్పి మరచిపోయి, సిగ్గుతో ప్రాణం తీసుకున్నాడట!" అన్నాడు. కథ బాగుంది గాని నిజం కాదు. 1839లో అక్కడ నిలిపిన యీ విగ్రహాన్ని చేసిన ఫ్రాన్సిస్ చాంట్రీ, లండన్ ట్రఫాల్గర్ కూడలిలోని నాల్గవ జార్జిని కూడా అట్లాగే కూర్చోబెట్టాడు. కావాలని చేసిన పనే అది.

చాంట్రీ 1781లో షెఫీల్డు దగ్గరి నార్టన్‌లో వడ్రంగి ఇంట పుట్టాడు. పన్నెండేండ్లకే తండ్రి పోయాడు. కొయ్యచెక్కడం పనివాని దగ్గర శిష్యరికం చేశాడు. 1811లో అతనికి పేరు తెచ్చింది హార్న్ టుక్ ముఖశిల్పం. టుక్ ఎవరు? 1794లో రాజద్రోహమని ప్రభుత్వం బోనెక్కిస్తే, జ్యూరీ నిర్దోషి అని విడిచిన మనిషి. అట్లా మొదలైన ఉలి రాజుల వద్దకు చేరింది. 1835లో 'సర్' బిరుదమూ వచ్చింది. మనుషులను మాటల్లో పెట్టి, మాట్లాడే ముఖాన్ని పట్టుకోవడం అతని విద్య. 1820 నాటి వాల్టర్ స్కాట్ శిల్పం అందుకు సాక్ష్యం. (బంకమట్టి నమూనా అతనిది, రాతిపని చాలామట్టుకు సహాయకులది. ఆ దుమ్ము మింగినవారి పేర్లు పీఠాల మీద వెదికినా దొరకవు.)

మన్రో దగ్గర ఆ విద్య సాగలేదు. 1827లోనే అతడు పత్తికొండలో కలరాతో పోయాడు. విగ్రహం చందాల సొమ్ముతో తయారైంది. నేను రెండుమార్లు చూచాను. గుర్రం బతికే వుంది, మనిషి మాత్రం హోదాగా మిగిలాడు. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల్లో రైతును సర్కారుకు ముఖాముఖి నిలిపినవాడు మన్రో. శిస్తు మోయలేనిదని గ్రహించి నాలుగోవంతు తగ్గించమని వ్రాసినవాడూ అతడే. అక్కడి రైతులు బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఆ అభిమానాన్ని అజ్ఞానమని కొట్టివేయలేను; కాని ఆ రైతుగాని, ఆ శిస్తుగాని కంచులో కానరావు.

చాంట్రీ 1841లో పోయాడు. బ్రిటనులో తయారైన కళాఖండాలను జాతికోసం కొనడానికి లక్షా అయిదువేల పౌన్లు వ్రాసి పోయాడు. యీ సంగతి చెప్పినా మావాడు కరగలేదు. "దొర బొమ్మ మనకెందుకు సార్? కడవెండిలో 1946లో తుపాకిగుండుకు కూలిన దొడ్డి కొమరయ్యను చెక్కాలి గాని" అన్నాడు.

చెక్కాలి, ఎట్లా చెక్కాలి? మన్రోలాగా ఎత్తున కూర్చోబెట్టియా? నేను పుస్తకం తీసి టుక్ బొమ్మ చూపించాను. డెబ్బై అయిదేండ్ల ముసలి ముఖం. వాడు చాలాసేపు చూచి, "ఈయన ఏం చేశాడు సార్?" అని అడిగాడు.