అక్షరం అక్షరం చూసే కళ్లు

డల్లాస్‌లో ఉద్యోగం చేసే భర్త ఉమ్మడిగా పన్ను రిటర్ను వేయాలంటే, నరసరావుపేటలోనో పర్చూరులోనో వీసా కోసం ఎదురుచూస్తున్న భార్యకూ అమెరికా నెంబరొకటి కావాలి. అదే ఐటిన్. 1996 నుంచి అక్కడి పన్నుల శాఖ ఇస్తున్న, 9తో మొదలయ్యే తొమ్మిదంకెల సంఖ్య. దరఖాస్తుతో అసలు పాస్‌పోర్టో, దాన్ని జారీచేసిన కార్యాలయం ధ్రువీకరించిన నకలో పంపాలి. నోటరీ చేసిన జిరాక్సు 2012 నుంచి చెల్లదు. వీసా ఇంటర్వ్యూ ముందున్న అమ్మాయి పాస్‌పోర్టును వారాల తరబడి ఎలా వదులుకుంటుంది?

ఇక్కడే ధ్రువీకరణ ఏజెంటు విలువ తెలుస్తుంది. నకిలీ పత్రాలను గుర్తించే శిక్షణ పొంది, ఆ శాఖ అనుమతి తెచ్చుకున్నవారు వీరు. అసలు పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని, ఆ అమ్మాయితో ఎదురుగానో వీడియోలోనో మాట్లాడి, సరైనదేనని సంతకం చేస్తారు. టెక్సాస్‌లోని ఆస్టిన్‌కు వెళ్లేది నకలే.

నాకు ముచ్చటేసేది పేర్ల దగ్గర వాళ్ల ఓపిక. మన ఇంటిపేరు ముందుంటుంది, ఫారం చివర అడుగుతుంది. కొందరి పాస్‌పోర్టులో ఆ గడే ఖాళీ. పెళ్లితో పేరు మారితే పుట్టింటి పేరుకు వేరే వరుస. 04/05 మనకు మే నెల, వాళ్లకు ఏప్రిల్. గుంటూరు యార్డులో టిక్కీలోంచి మిరపకాయ తీసి విరిచి చూసే కొనుగోలుదారులా మంచి ఏజెంటు ప్రతి అక్షరాన్నీ పరీక్షిస్తారు. దరఖాస్తు తిరిగొస్తే రిఫండు నెలల తరబడి ఆగుతుంది మరి. పన్నుల రద్దీలో మామూలుగానే 9 నుంచి 11 వారాలు పడుతుంది. అంత హడావుడిలోనూ "ఇంకోసారి చూద్దామమ్మా" అనేవారి దగ్గరికే మావాళ్లను పంపుతాను.