బియ్యపు గింజంత గొట్టం, జుబైల్ గాలి

అమోనియాను పసిగట్టే ఎంక్యూ-137 సెన్సర్ మీది స్టీలు జల్లెడను ఊడదీసి భూతద్దం కింద పెడితే, మధ్యలో అడ్డంగా ఒక సన్నటి గొట్టం కనిపిస్తుంది. బియ్యపు గింజంత ఉంటుంది. అల్యూమినాతో చేసిన గొట్టం అది. దాని మీద రెండు బంగారు పట్టీలు, వాటిని కప్పుతూ టిన్ ఆక్సైడ్ పూత, పట్టీల నుంచి బయటికొచ్చే ప్లాటినం తీగలు. గొట్టం లోపల నికెల్-క్రోమియం తీగచుట్ట. కింద ఉన్న ఆరు కాళ్లలో రెండు ఆ చుట్టకు, నాలుగు పూతకు. సరుకంతా ఇంతే. ధర కూడా తక్కువే.

సౌదీ తూర్పు తీరాన జుబైల్‌లో పనిచేసే మనవాళ్లకు అమోనియా కొత్త కాదు. పెద్ద ఎరువుల కర్మాగారాలున్న ఊరది. 2020 సెప్టెంబరులో సౌదీ కంపెనీలు ఆరామ్‌కో, సాబిక్ కలిసి, తయారీలో వెలువడే కార్బన్‌ను పట్టి ఉంచి చేసిన 40 టన్నుల 'బ్లూ అమోనియా'ను జపాన్‌కు పంపిన దేశమది. అంతటి ప్లాంట్లకు ఖరీదైన డిటెక్టర్లు వేరే ఉంటాయి. మన చవక సెన్సర్ పనికొచ్చేది కోళ్ల షెడ్డులో, ఎరువు గోదాములో, ఇంజనీరింగ్ విద్యార్థి బల్ల మీద.

ఇక పూత సంగతి. టిన్ ఆక్సైడ్ నునుపైన పొర కాదు, ఒకదానికొకటి ఆనుకున్న సూక్ష్మ రేణువుల గుంపు. వేడెక్కిన రేణువుల మీదికి గాలిలోని ఆక్సిజన్ చేరి వాటి ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటుంది. రేణువుకూ రేణువుకూ మధ్య కరెంటు దాటడం కష్టమై నిరోధం పెరుగుతుంది. అమోనియా వచ్చిందంటే ఆ ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారిపోతుంది. చిక్కుకున్న ఎలక్ట్రాన్లు తిరిగి పూతలోకి వస్తాయి, నిరోధం పడిపోతుంది. ఇదంతా చురుగ్గా సాగాలంటే వందల డిగ్రీల వేడి కావాలి. తీగచుట్ట ఉన్నది అందుకే. జపాన్‌లో నవోయోషి తగుచి 1962లో పేటెంట్‌కు పెట్టిన ఆలోచనకు వారసులే ఈ సెన్సర్లన్నీ.

నిరోధాన్ని కొలిచే తీరు ఇంకా సులువు. పూతకు వరసలో ఒక లోడ్ రెసిస్టర్ కలిపి 5 వోల్టులు ఇస్తారు. లోడ్ 10 కిలో ఓములై, దాని మీద 1 వోల్టు కనబడితే పూత నిరోధం 40 కిలో ఓములు. అదే 2 వోల్టులైతే 15. బజారులో దొరికే చాలా బోర్డుల మీద మాత్రం '102' అని అచ్చయిన బుల్లి రెసిస్టర్ ఉంటుంది. అంటే 1 కిలో ఓము. పూత 40 కిలో ఓముల దగ్గర ఉంటే ఈ రెసిస్టర్ మీద పడేది 0.12 వోల్టే. ఆ కొలతలో చిన్న మార్పులు ఆనవు. చవక అసలు ఇక్కడే కాటేస్తుంది.

అసలు పరీక్ష తేమతో. నీటి ఆవిరి కూడా పూత నిరోధాన్ని తగ్గిస్తుంది. రియాద్ పొడిగాలిలో సరిచూసిన సెన్సర్‌ను ఆగస్టులో జుబైల్ ఉక్కపోతలో పెడితే లేని అమోనియాను చూపిస్తుంది. తడి ప్యాడ్లతో చల్లబరిచే కోళ్ల షెడ్డులోనూ ఇదే తంటా. అందుకే తెలిసినవాళ్లు పక్కనే ఒక తేమ-ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి, డేటాషీటులోని గీతలను బట్టి లెక్క సవరిస్తారు. కొత్త సెన్సర్‌ను ఒకటి రెండు రోజులు వేడి మీద ఉంచాకే దాని మాట నమ్ముతారు. సిలికాన్ జిగురు దగ్గరికి రానివ్వరు, దాని ఆవిరి పూతను పాడుచేస్తుంది. ఆల్కహాల్ ఆవిరికీ, హైడ్రోజన్‌కూ ఈ సెన్సర్ స్పందిస్తుందని మరిచిపోరు.

జెద్దాకు ఉత్తరాన తువల్‌లోని కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయం పరిశోధకులు వేరే దారి పట్టారు. లోహ-సేంద్రియ చట్రాల పలుచని పొరతో, గది ఉష్ణోగ్రతలోనే, తేమ ఉన్నా 1 పీపీఎం అమోనియాను పట్టే కెపాసిటివ్ సెన్సర్‌ను 2017లో ప్రకటించారు. దానికి హీటరే అక్కర్లేదు. ముచ్చటైన పనే, కానీ దుకాణంలో ఇప్పటికీ చేతికి అందేది మన గొట్టమే.

కొనేవాళ్లకు ఒక మాట. ముందు ఆ '102' రెసిస్టర్ మార్చండి, తర్వాత తెలిసిన మోతాదు గ్యాస్‌తో సరిచూడండి. అమోనియాలో 8 గంటల పనికి సూచించే హద్దు 25 పీపీఎం. 300 దగ్గర ప్రాణాపాయం. మనుషులు పనిచేసే చోట దీన్ని తొలి హెచ్చరికకు వాడుకోండి, ప్రాణానికి పూచీ మాత్రం సర్టిఫై అయిన డిటెక్టర్‌కే వదలండి.