ఆకాశరామన్నలూ చెరబండరాజులూ

ఈ వారం ఓ కవయిత్రి ఇంటి చాకిరీ మీద ఫేస్‌బుక్‌లో కవిత పెట్టింది. గంట తిరక్కుండానే కింద బూతులు. రాసినవాళ్లలో ఒక్కరికీ సొంత ముఖం లేదు, అన్నీ సినిమా హీరోల ఫొటోలే. ఆకాశరామన్న ఉత్తరాలంటే నాకెంత మంటో ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలుసు. కింద పేరు పెట్టలేని మాటని చదవనక్కర్లేదని ఇక్కడే ఎన్నోసార్లు రాశాను. ఆధార్‌లో ఉన్న పేరు లేనిదే ఎవర్నీ లోపలికి రానివ్వకూడదని ఈసారి గట్టిగా రాయబోయాను.

దిగంబర కవులు అడ్డొచ్చారు.

1965లో ఆరుగురు కుర్రాళ్లు ఇంట్లో పెట్టిన పేర్లు వదిలేసి జనంలోకి వచ్చారు. భాస్కరరెడ్డి చెరబండరాజయ్యాడు. యాదవరెడ్డి నిఖిలేశ్వర్, రాఘవాచార్యులు జ్వాలాముఖి. తోకలన్నీ రాలిపోయాయి. పేరు చెవిన పడగానే కులం లెక్క కట్టేసే దేశం మనది. ఆ లెక్కకి దొరక్కుండా పోవాలనుకున్నారు వాళ్లు. తొలి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. వాళ్ల రాతల్లోనూ బూతులున్నాయి, పెద్దలు మండిపడ్డారు. కానీ 1971లో ముందస్తు నిర్బంధ చట్టం కింద ఈ ముగ్గుర్నీ అరెస్టు చేశారు. రాసింది చెరబండరాజు, జైల్లో పడుకున్నది భాస్కరరెడ్డి. పెట్టుకున్న పేరు చేసిన పనికి అసలు మనిషి ఒళ్లు అప్పగించాడు.

ఇవాళ ఫేస్‌బుక్‌లోనూ గులాబీ పువ్వో చంటిపిల్ల ఫొటోనో పెట్టుకుని రాసే ఆడవాళ్లు ఎందరో. ఇంట్లో అత్తగారి ముందు, ఆఫీసులో పై అధికారి ముందు మింగేసిన మాట అక్కడ బయటికొస్తుంది. వాళ్ల అసలు మనిషి అక్కడే ఉందని నా నమ్మకం. ఇంటిపేరు దాచి కథలు రాసే కుర్రాళ్లూ ఉన్నారు. అసలు పేరే ఉండాలని పట్టుబడితే ముందు మాయమయ్యేది వీళ్లే. 2014లో ఫేస్‌బుక్ అలాగే పట్టుబడితే అమెరికాలో ఆడవేషం కట్టి ప్రదర్శనలిచ్చే డ్రాగ్ కళాకారుల ఖాతాలు పోయాయి, చివరికి ఆ సంస్థే క్షమాపణ చెప్పుకుంది. ఆ మాటకొస్తే, పెళ్లాం పిల్లలతో దిగిన ఫొటో పెట్టుకుని, సొంత పేరుతోనే నిక్షేపంగా బూతులు రాసేవాళ్లనీ చూస్తున్నాం.

కాబట్టి ఆధార్ సంగతి వదిలేస్తున్నాను. ఏ పేరైనా పెట్టుకోనివ్వండి, కానీ ఏళ్ల తరబడి ఆ పేరు మీదే నిలబడమనండి. నిన్న అన్నదానికి ఇవాళ జవాబు చెప్పమనండి. బీనాదేవి అన్న కలం పేరు వెనక త్రిపురసుందరి, నరసింగరావు దంపతులిద్దరూ ఉన్నారు. ఆయన పోయాక కూడా ఆవిడ ఆ పేరుతోనే రాశారు. ఆ పేరుని అబద్ధమని నేను అనలేను.