రెండు వారాల మాస్టారు

మా తమ్ముడి కొడుకు పోయిన ఆదివారం భోజనాల వేళకి వచ్చాడు. గచ్చిబౌలి నుంచి మా ఇంటికి రావడమంటే వాడికి పొరుగు రాష్ట్రం వెళ్ళినంత. పని లేకుండా రాడు. గోంగూర పప్పు ముగించి, పెరుగన్నంలోకి వచ్చాక సంగతి బయటపెట్టాడు.

"అత్తా, నేపాల్ వెళ్తున్నా. పోఖరా అవతల కొండమీద ఏదో ఊళ్ళో బడి ఉందట. అక్కడి పిల్లలకి ఇంగ్లిష్ చెప్పాలి. నాకు పాఠం చెప్పడం వచ్చని నువ్వొక ఉత్తరం ఇవ్వాలి."

"ఎన్నాళ్ళురా?"

"రెండు వారాలు. సెలవు రోజుల్లో పారాగ్లైడింగ్ కూడా ఉంది."

తీరా చూస్తే, ఈ సేవ చేసుకోనిచ్చినందుకు వీడే ఒక ఏజెన్సీకి ఎదురు డబ్బు కడుతున్నాడు. వాళ్ళ కాగితం ఫోన్లో చూపించాడు. పిల్లలు నవ్వుతున్న ఫొటో కింద 'అనుభవం అక్కర్లేదు' అని పెద్దక్షరాలతో ఉంది. నాకు ఒళ్ళు మండింది. టైలరు దగ్గర పనికి చేరినవాడి చేత కూడా ముందు ఆరు నెలలు కాజాలే కుట్టిస్తారు. గుడ్డ పాడవుతుందన్న భయం. పిల్లలు పాడవుతారన్న భయం ఎవరికీ ఉన్నట్టు లేదు.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా చాదస్తాలు కొత్త కాదు. డిక్టేషన్ ఊసెత్తకుండా నేను నెల గడపలేనని మా సబ్ ఎడిటర్ దెప్పుతుంటాడు. రెండో చాదస్తం హాజరు పిలవడం. నంబర్లు కాదు, పేర్లు పిలవాలి, పిలిచినప్పుడు తలెత్తి మొహం చూడాలి. పిల్లాడి పేరు నోటికి రాని మాస్టారు వాడికి ఏం చెప్పినా గోడకి చెప్పినట్టే. రెండు వారాల్లో పేర్లే రావు, ఇంక పాఠమేం వస్తుంది? ఇదే మాట వాడితో అన్నాను. "అక్కడ పిల్లలు తక్కువేలే అత్తా" అన్నాడు.

తక్కువో ఎక్కువో, పేర్ల సంగతి నన్నడగాలి. రిటైరయ్యాక భూటాన్‌లో పాఠాలు చెప్పడానికి వెళ్ళానని పాత పాఠకులకి తెలుసు. 2008లో అక్కడ మొట్టమొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. ఆ మరుసటి ఏడాది వెళ్ళాను. గువాహటిలో రైలు దిగి, సమ్‌ద్రుప్ జోంఖర్ దగ్గర సరిహద్దు దాటి, అక్కణ్ణుంచి త్రాషిగాంగ్ వైపు పొద్దస్తమానం మలుపులే. ఆ రోడ్లు వేసింది మన సరిహద్దు రోడ్ల సంస్థ వాళ్ళే. 1961లో మొదలెట్టారు, ఇప్పటికీ వేస్తూనే ఉన్నారు, కొండ కూలుస్తూనే ఉంది. కడుపులో తిప్పడం తగ్గేసరికి గడియారం అరగంట ముందుకి జరుపుకోవాలన్నారు.

మొదటి రోజు హాజరు పట్టీ తెరిచాను. సోనమ్‌లు, త్షెరింగ్‌లు, దోర్జీలు, తాషీలు, పెమాలు. భూటాన్‌లో ఎక్కువమందికి ఇంటిపేర్లుండవు. పేరు పెట్టేది లామా, సాధారణంగా రెండు మాటలు. తండ్రి పేరుకీ కొడుకు పేరుకీ, అన్న పేరుకీ చెల్లెలి పేరుకీ సంబంధం ఉండనక్కర్లేదు. సోనమ్ ఆడపిల్ల కావచ్చు, మగపిల్లాడు కావచ్చు. పట్టీలో ఒకే పేరు మూడుసార్లొస్తే పక్కన ఏ, బీ, సీ అని తగిలించి ఉంది. మా తరగతిలో కర్మలే ముగ్గురు. పొద్దున్నే లేచి గొంతెత్తి "కర్మా! కర్మా! కర్మా!" అని పిలిచే ఉద్యోగం తెలుగుదానికి రాసిపెట్టి ఉండాలి.

అదే పట్టీలో పుట్టినరోజుల గడి చూస్తే ఇంకో వింత, సగంమందికి జనవరి ఒకటి. ఇందులో నాకు ఆశ్చర్యమేం కలగలేదు. జులై ఒకటిన పుట్టినవాళ్ళు మన పల్లెటూరి బళ్ళలో ఎంతమంది లేరు? చేర్చడానికొచ్చిన నాన్న "వరదలొచ్చిన ఏడాదండీ" అంటాడు, హెడ్మాస్టరు గారు వయసు లెక్కగట్టి ఒక తారీఖు వేస్తారు, ఆ తారీఖు లెక్కనే వాడు యాభై ఏళ్ళ తర్వాత రిటైరవుతాడు. హెడ్మాస్టర్ల కలం బలం సరిహద్దులు దాటినా ఒక్కటే.

రోజు ఎలా గడిచేదని చాలామంది అడుగుతారు. ప్రార్థనతో మొదలు. అబ్బాయిలు ఘో, అమ్మాయిలు కిరా, టీచర్లూ అంతే. నాకూ కిరా కట్టడం నేర్పారు. చీర కట్టే చేతికి కష్టమేం కాదు గానీ, నడుముకి బిగించే పట్టీ దగ్గర మాత్రం ఊపిరి ఆగేది. ప్రార్థనయ్యాక ఒక పిల్లాడు ముందుకొచ్చి ఇంగ్లిష్‌లోనో జోంఖాలోనో నాలుగు ముక్కలు మాట్లాడాలి. కాళ్ళు వణుకుతూనే మాట్లాడేవాళ్ళు. వానాకాలంలో కొండవాగు నుంచి నీళ్ళు తెచ్చే నల్ల గొట్టం ఎక్కడో ఊడిపోయేది. పెద్ద తరగతుల పిల్లలు పైకెక్కి బిగించి, కాళ్ళకి పట్టిన జలగలతో దిగేవాళ్ళు. మధ్యాహ్నం బడి వంటశాలలో ప్రపంచ ఆహార కార్యక్రమం బస్తాల బియ్యం, పప్పు. ఇళ్ళలో అయితే అన్నంలో మొక్కజొన్న రవ్వ కలిపి వండుకుంటారు. మిరపకాయకి జడిసే రక్తం కాదు మనదనుకుంటూ వెళ్ళాను. అక్కడ మిరపకాయ కూరలో పడే దినుసు కాదు, అదే కూర. జున్నులో మిరపకాయలు ఉడికించి ఎమా దాత్షీ అంటారు. మొదటి ముద్దకే గుంటూరు పరువు పోయింది.

సాయంత్రం ఎవరో ఒక తల్లి కోడిగుడ్లు పట్టుకొచ్చేది, ఎవరో తండ్రి మొక్కజొన్న సారా సీసా. గుడ్లు తీసుకునేదాన్ని. సీసా పక్క గదిలో ఉండే కొట్టాయం మాస్టారికి చేరేది.

ఈ కొట్టాయం మాస్టారి గురించి చెప్పకుండా ఉండలేను. 1960ల తొలి రోజుల దాకా ఆ దేశపు కొత్త బళ్ళలో హిందీ పుస్తకాలే నడిచాయి. తర్వాత ఇంగ్లిష్ మీడియం చేశారు. చేశాక చెప్పేవాళ్ళేరీ? కేరళ నుంచి వెళ్ళారు, పెద్ద సంఖ్యలో వెళ్ళారు. (మన మీడియం గొడవ గుర్తొస్తోంది కదూ. ఆ తేనెతుట్టెని ఇవాళ కదపను.) ఈయన పెళ్ళికి ముందే వచ్చి, లెక్కలు చెబుతూ చెబుతూ అక్కడే తల నెరిపించుకున్నాడు. తూర్పు భూటాన్‌లో నిలిచిపోయినవాళ్ళ మాటొస్తే అందరూ ఫాదర్ మెకీ పేరు చెబుతారు. కెనడా నుంచి వచ్చిన జెస్యూట్. 1963లో త్రాషిగాంగ్‌లో అడుగుపెట్టి, తర్వాత కాంగ్లుంగ్‌లో బడి పెట్టి, 1995లో ఆ దేశంలోనే కన్నుమూశారు. ఆ ప్రాంతంలో కాస్త వయసు మళ్ళిన చదువుకున్నవాళ్ళని కదిపితే చాలు, "నేను ఫాదర్ స్టూడెంటుని" అనేవారు.

కొట్టాయం మాస్టారికి అంత పేరేం లేదు. ఒకరోజు బుఖారీ పొయ్యి దగ్గర చలి కాగుతూ, నేను జీతం లేకుండా వచ్చానని ఎవరో గొప్పగా చెబుతుంటే ఆయన విన్నాడు. "నేను జీతానికే వచ్చాను టీచర్" అన్నాడు. "జీతమిచ్చేవాడు సిలబస్ అయిందా అని నన్ను అడుగుతాడు. మిమ్మల్నెవరడుగుతారు?" ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగాడు. జీతం తీసుకుంటూ ఇరవై ఏళ్ళు ఒకే గదిలో ఒకే గుణకారం చెప్పినవాణ్ణి సేవకుడనం. విమానం ఎక్కి వచ్చి, ఫొటో దిగి పోయేవాడికి ఆ మాట ధారాళంగా వాడతాం. ఇది నా మూడో చాదస్తం అనుకోండి.

నేను వెళ్ళిన ఏడాదే సెప్టెంబరు 21న భూకంపం వచ్చింది. తీవ్రత 6.1. మధ్యాహ్నం మూడు కావస్తోంది. రాతి గోడల బడి. పిల్లలంతా మైదానంలోకి పరిగెత్తారు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. గోడలు మాత్రం మళ్ళీ లోపలికి అడుగుపెట్టేలా లేవు. జిల్లాలో చనిపోయినవాళ్ళున్నారు, ఇళ్ళు పోయినవాళ్ళకి లెక్కలేదు. కొన్నాళ్ళకి గుడారాలు వచ్చాయి, బడి అందులోకి మారింది. నాలుగో తరగతికీ ఆరో తరగతికీ మధ్య ఒక గుడ్డ అడ్డం. నేను నాలుగుకి డిక్టేషన్ చెబుతుంటే ఆరువాళ్ళు కూడా రాసేసేవాళ్ళు. అటువైపు సైన్సు చెప్పే ఆయన బోర్డు మీద గుండె బొమ్మ వేసి వెనక్కి తిరిగి చూస్తే, నోటు పుస్తకాల్లో 'ఎలిఫెంట్', 'అంబ్రెల్లా' ఉండేవి. ఆయన నా మీద విసుక్కున్నాడు. నాకు మాత్రం లోలోపల గర్వంగా ఉండేది. ఇంటి పైకప్పు లేని పిల్లలు గుడ్డ అవతలి మాట విని స్పెల్లింగు తప్పు లేకుండా రాశారంటే, డిక్టేషన్ మీద ఇంక వాదించేదేముంది?

అంటే, మాస్టారన్నవాడు నిలబడాలి. చలికి, జలగలకి, భూకంపానికి అక్కడే ఉండాలి. రెండు వారాలకి మావాడేం పొడుస్తాడు?

ఇంత చెప్పాక నేను ఉత్తరం ఇవ్వలేదనుకుంటారు. ఇచ్చాను. నిన్ననే రాసి పంపాను. అందులో ఉన్నది ఇది: 'ఇతనికి పాఠం చెప్పడం రాదు. దయచేసి తరగతి అప్పగించకండి. ఉన్న టీచరుని పక్కన కూర్చోబెట్టి ఇతన్ని బోర్డు ముందు నిలబెట్టకండి. సాయంత్రాలు పిల్లల మధ్య వదిలేయండి. ఇతనికి నేపాలీ ఒక్క ముక్క రాదని, హిందీ అంతంతమాత్రమని హామీ ఇస్తున్నాను.' వాడు చదివి ఫోన్ చేశాడు. "ఇది సిఫారసా అత్తా, ఫిర్యాదా?" సిఫారసే. అంతకన్నా గట్టి సిఫారసు నేను ఎవరికీ ఇవ్వలేదు. కారణం వాడికి చెబితే గంట పట్టేది, మీకు చెబుతాను.

తూర్పు భూటాన్ పిల్లాడి ఇంట్లో మాట్లాడేది షార్చోప్. దేశభాష జోంఖా వాడికి బళ్ళో నేర్చుకునే భాష. దాంతోపాటు మొదటి రోజు నుంచే ఇంగ్లిష్. మిగతా పాఠాలు చాలావరకు అందులోనే. 1999లో టీవీ వచ్చాక హిందీ సీరియళ్ళు, సినిమాలు. ఆరేళ్ళ పిల్లాడి నెత్తిన ఇన్ని. తరగతిలో ఇంగ్లిష్ ప్రశ్న అడిగితే తల వంచుకునేవాళ్ళు. మూడో కర్మ, పట్టీలో కర్మ 'సి', మరీ. వాడి గొంతు ఎలా ఉంటుందో నాకు చాలా రోజులు తెలీదు.

కానీ సాయంత్రం మా వసారా మెట్ల మీద వాడిది మరో అవతారం. నాకేమీ తెలీదు కదా. ఏ ఆకు ముట్టుకుంటే మండుతుంది, జలగని లాగకూడదు, ఉప్పు వెయ్యాలి, మొక్కజొన్న కండె పట్టాక రాత్రుళ్ళు అడవిపందుల కోసం పొలంలో ఎలా కాపలా పడుకుంటారు, ఏ ఆవు ఎవరిది, ఏది పొడుస్తుంది. ఇవన్నీ నాకు చెప్పాలి, చెప్పడానికి మా ఇద్దరి మధ్యా ఉన్నది ఇంగ్లిషొక్కటే. క్రియలు లేవు, వ్యాకరణం లేదు, ఉన్న మాటలన్నీ ఊడ్చి వాడేవాడు. చాలకపోతే పుల్లతో నేల మీద పంది బొమ్మ గీసేవాడు. నేను తరగతిలో నెలంతా నోరు నొప్పెట్టేలా చెప్పినదానికన్నా ఆ మెట్ల మీద వాడు నేర్చుకున్నది ఎక్కువ.

రెండో ఏడాదికి నాకు షార్చోప్ పట్టుబడింది. పేర్లన్నీ నోటికొచ్చాయి. నాకు హిందీ వచ్చన్న సంగతీ బయటపడింది, ఎవరింట్లోనో సీరియల్ చూస్తూ ముందే నవ్వానట. అంతా నేను మెచ్చే పద్ధతిలోనే జరిగింది. ఊరి మనిషినైపోయాను. మెట్ల మీద ఇంగ్లిష్ మాత్రం ఆగిపోయింది. పిల్లలకి పిచ్చా? సొంత భాషలో చెబితే అర్థమయ్యే ఆవిడతో పరాయి భాషలో ఎందుకు అవస్థ పడతారు? కొన్నాళ్ళకి మెట్లెక్కడమే తగ్గింది.

అప్పుడే జపాన్ నుంచి ఒక కుర్రాడు దిగాడు, వాళ్ళ ప్రభుత్వం పంపే వాలంటీర్లలో ఒకడు. ఆటలు నేర్పడానికి వచ్చాడు. షార్చోప్ రాదు, జోంఖా రాదు, హిందీ రాదు. ఇంగ్లిష్ మా నాలుగో తరగతికి సమానం. మిరపకాయ తిని ఏడ్చాడు, మండే ఆకుని పట్టుకున్నాడు, జలగని లాగాడు. పొద్దుగూకితే బడి మొత్తం వాలీబాల్ స్తంభం చుట్టూ చేరేది. మధ్యలో అతను, చుట్టూ వంద నోళ్ళు, అన్నీ ఇంగ్లిషే. కర్మ 'సి' పుల్లతో పంది బొమ్మ గీసి, నాకు చెప్పిన కథే అతనికి చెబుతున్నాడు. ఈసారి క్రియలున్నాయి.

అసూయ పడలేదంటే మా సబ్ ఎడిటర్ కూడా నమ్మడు. మర్నాడు హాజరు పిలిచాక వాణ్ణి ఆపి, మా ఇంటివైపు రావడమే మానేశావేమని షార్చోప్‌లో అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, నా మనసు నొప్పించకుండా చెప్పాలని చూశాడు.

"మీకన్నీ తెలుసు కదా మేడం" అన్నాడు. "పాపం, ఆయనకేమీ తెలీదు."